షెడ్డు గేటుకు నేను వేసిన తాళం

మా అన్న తాగుబోతు అని నేను చాలా ఏళ్ళు ఒప్పుకోలేదు. ఎవరైనా ఆ మాట అంటే కొట్లాటకు పోయేవాణ్ణి. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన మాది విగ్రహాలు చెక్కే షెడ్డు. రాతిపని వాళ్ళ దగ్గర తాగుబోతుకు ఒకటే గుర్తు. రాయి పాడుచేసినవాడు తాగుబోతు. ముక్కు చెక్కుతుంటే ముక్కు ఎగిరిపోయిందా, వేలు తీరుస్తుంటే వేలు విరిగిందా, వాడు తాగొచ్చాడని అర్థం. మా అన్న చేతిలో ఒక్క రాయి కూడా పాడు కాలేదు. కాబట్టి మా అన్న తాగుతాడు గానీ తాగుబోతు కాదు. ఇదీ నా తీర్పు. నేనూ ఆదివారాలు తాగేవాణ్ణే కనుక ఆ తీర్పు నాకు అనుకూలంగా కూడా ఉండేది.

పొద్దున పనిలోకి దిగేటప్పుడు అన్న చేయి వణికేది. ఉలి పట్టుకుంటే దాని మొన రాయి మీద టకటకా కొట్టుకునేది. ఉలి కింద పెట్టి షెడ్డు వెనక్కి వెళ్ళి వచ్చేవాడు. పది నిమిషాలు గడిచాక అదే చేత్తో అమ్మవారి ముక్కుపుడక మీద వెంట్రుకంత గీత గీసేవాడు. "అన్న చేతికి నూనె పడిందిరా" అని పనివాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. మిషనుకు గ్రీజు పెట్టినట్టే అనుకునేవాణ్ణి. మందు పడితే తప్ప చేయి కుదరడం లేదంటే ఆ ఒళ్ళు మందుకు బానిస అయిపోయిందని, జబ్బుకు అంతకంటే పెద్ద గుర్తు లేదని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాను. నాది మొండి బుర్ర.

వదిన ఒకసారి చెప్పబోయింది.

"నువ్వు లెక్కేసేది రాత్రి తాగేదొక్కటేప్పా. తెల్లారి లేస్తానే పళ్ళు తోమకముందే పోసుకుంటాండాడు. పనిలోకి పోయేముందు ఇంకోటి, మధ్యాన్నం ఇంకోటి. అన్నం పెడితే రెండు ముద్దలు కెలికి లేస్తాండాడు. నువ్వన్నా చెప్పు."

"పని చేస్తాండాడు గదా వదినా. ఇల్లు చూసుకుంటాండాడు గదా. ఇంకేం చెప్పాల?"

"పని చేసేటోడు చావడా?" అంది వదిన.

నాకు కోపం వచ్చి, తాగుతున్న టీ అక్కడే పెట్టి లేచి వచ్చేశాను. ఆ కోపం ఎందుకు వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

ఆ చలికాలంలో బనగానపల్లె దగ్గర ఒక ఊరి వాళ్ళు గ్రామదేవత విగ్రహం చేయించుకున్నారు. నల్లరాయి, మనిషి నడుమెత్తు. అంతా పూర్తయింది, కళ్ళు తప్ప. మా దగ్గర ఏ దేవతకైనా కంటిపాపలు చివరికి వదిలేస్తాం. విగ్రహం ఊరికి బయలుదేరే రోజు తెర కట్టి, సన్న ఉలితో కంటిపాప గీసి, ముందుగా అద్దం చూపిస్తాం. దాన్నే కళ్ళు తెరవడం అంటాం. తెరిచేవాడు అంతకుముందు మూడు రోజులు షెడ్డులోనే ఉండాలి, చాప మీద పడుకోవాలి, మందు ముట్టకూడదు. మా నాయన బతికి ఉన్నన్నాళ్ళు ఆయనే తెరిచేవాడు. ఆయన పోయాక అన్న. అన్న ఆ మూడు రోజులూ రాతిపొడి బస్తాలో సీసాలు దాచుకుని, ఎవరూ చూడకుండా తాగేవాడు. నేను చూసేవాణ్ణి. చూసి మొహం తిప్పుకునేవాణ్ణి. తిలాపాపం తలా పిడికెడు.

ఈసారి మొహం తిప్పుకోలేకపోయాను. కారణం అన్న మీద ప్రేమ కాదు, నా పరువు. విగ్రహం చూడడానికి వచ్చిన ఆ ఊరి పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు.

"మీయన్న దగ్గర వాసన కొడతాండాదప్పా. తాగిన చేత్తో అమ్మ కండ్లు తెరిపిస్తే ఊరోళ్ళు ఊరుకోరు. నియమం నిలబెడతాడా?"

"నిలబెడతాడు. నాది పూచీ" అన్నాను.

ఆదివారం సాయంత్రం నియమం మొదలు. షెడ్డు వెనక బస్తాలన్నీ కుమ్మరించి, దొరికిన ప్రతి సీసా మూత తీసి మట్టిలో పోశాను. పనివాళ్ళకు మూడు రోజులు సెలవిచ్చి పంపేశాను. గేటుకు తాళం వేసి తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను. అన్న అడ్డం రాలేదు. మట్టిలో ఇంకిపోతున్న మందును చూస్తూ నిలబడ్డాడు.

"ఒక్కటన్నా ఉంచు రా" అన్నాడు. "తాగను. ఉండాదనుకుంటే చాలు."

"మూడు దినాలు మగోడి మాదిరి ఉండలేవా?" అన్నాను.

అన్న నా కంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నాకు ఉలి పట్టడం నేర్పినవాడు. ఆ మాట అన్నందుకు ఆ రోజు సిగ్గుపడలేదు, గర్వపడ్డాను.

సోమవారం పొద్దున అన్న చేతులు వణికాయి. అది మామూలే. మధ్యాహ్నానికి ఒళ్ళంతా వణకడం మొదలైంది. ఆ చలిలో చొక్కా తడిసిపోయేలా చెమట. మజ్జిగ ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయాడు. నేను పట్టి తాగిస్తే కక్కేశాడు. రాత్రంతా కన్ను మూయలేదు. "విషం దిగుతాంది, దిగనీ" అని నాకు నేను ధైర్యం చెప్పుకున్నాను. తాగుడు మాన్పిస్తే వణకడం, కక్కడం అన్నీ ఒళ్ళు శుభ్రపడుతున్న లక్షణాలని మావైపు అందరూ అనుకుంటారు. నేను అంతకంటే తెలివైనవాణ్ణేం కాదు.

మంగళవారం పొద్దున నేను పళ్ళు తోముకుని వచ్చేసరికి అన్న విగ్రహం ముందు కూర్చుని గుడ్డతో దాని మొహం తుడుస్తున్నాడు. తుడిచినచోటే తుడుస్తున్నాడు.

"ఏం చేస్తాండావ్ న్నా?"

"చీమలు రా. కండ్లలోంచి వస్తాండాయి. ఎన్ని తుడిచినా వస్తాండాయి చూడు."

నల్లరాయి మీద ఏమీ లేదు. గుడ్డ లాక్కోబోతే నా మొహంలోకి చూసి "నాయనా, నువ్వెప్పుడొచ్చినావ్?" అన్నాడు. మా నాయన పోయి రెండేళ్ళు దాటింది. ఆ క్షణంలోనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సింది. గేటు తాళం తీస్తే అన్న నేరుగా మందు కొట్టుకు పోతాడని, నా పూచీ గంగలో కలుస్తుందని భయపడి ఊరుకున్నాను. ఇంకొక్క రోజే కదా అనుకున్నాను.

మధ్యాహ్నం పెద్దాయన తన జీపులో ఊరి వాళ్ళను ఆరేడు మందిని తీసుకొచ్చాడు. మర్నాటి కోసం పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు తెచ్చారు. వాళ్ళను లోపలికి రానిచ్చి మళ్ళీ తాళం వేశాను. అప్పటికి అన్న విగ్రహం ఎదురుగా లేచి నిలబడి ఉన్నాడు. తల నుంచి కాళ్ళ దాకా ఊగుతున్నాడు. కళ్ళు ఎర్రగా, పెద్దగా తెరుచుకుని ఉన్నాయి. ఎవరినో అదిలిస్తున్నట్టు అరుస్తున్నాడు, మాటలు అర్థం కావడం లేదు.

పెద్దాయన చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

"అమ్మ వచ్చినాది! ఆచారి మీదికి అమ్మ వచ్చినాది!"

అంతే, ఆడవాళ్ళు అన్న కాళ్ళకు పసుపు రాశారు. ఒకామె కర్పూరం వెలిగించింది. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు అన్న తల మీద పోశారు. "తల్లీ, వానలు పడతాయా? ఊరు చల్లగుంటాదా?" అని అడుగుతున్నారు. అన్నేమో వాళ్ళ చేతుల మీద లేని చీమలను దులుపుతున్నాడు. అది దీవెన అనుకుని వాళ్ళు ఇంకా ముందుకు వంగుతున్నారు.

నేనేం చేశానో కూడా చెప్పాలి. నేనూ చేతులు జోడించాను. పొద్దున్నుంచి గుండెల మీద ఉన్న బరువు దిగినట్టయింది. ఇది జబ్బు కాదు, అమ్మ పూనకం. మా వంశంలో ఎవరికీ దక్కనిది మా అన్నకు దక్కింది. నా మాట నిలబడింది. ఇంతకంటే సిగ్గుమాలిన సంతోషం నా బతుకులో ఇంకొకటి లేదు.

అప్పుడే అన్న నిలువునా పడిపోయాడు. ఒళ్ళు కట్టెలా బిగుసుకుంది, తర్వాత కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నోటి పక్క నుంచి నురగ, దాంట్లో రక్తం.

"ఫిట్సు! ఇనుము పెట్టండి చేతిలో!" అని ఎవరో అరిచారు.

షెడ్డులో ఇనుముకు కరువా! చేతికి అందిన ఉలి తీసి అన్న అరచేతిలో పెట్టాను. వేళ్ళు దాని మీద బిగుసుకున్నాయి. కొట్టుకుంటున్న చేతిలో ఉలి ఉంటే ఏమవుతుందో రాతిపని వాడినైన నాకు తట్టలేదు. అరచేయి తెగి పసుపు నీళ్ళలో రక్తం కలిసింది.

గేటు దడదడలాడింది. బయట వదిన, చేతిలో అన్నం క్యారియరు. కమ్మీల సందుల్లోంచి అంతా కనిపిస్తోంది ఆమెకు.

"తాళం తియ్యి! తాళం తియ్యప్పా!"

మొలతాడు ముడి ఊడదు. చివరికి దారం తెంపి తాళం తీశాను. వదిన నన్ను తోసుకుంటూ లోపలికి వచ్చి అన్న వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఉలి విసిరికొట్టింది. ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టింది.

"ఎప్పుడు మాన్పించినావ్?"

"మొన్న సాయంత్రం."

"పోయినేడు మా నాయన దినానికి పోయినప్పుడు ఒక దినమంతా మందు దొరక్క ఇట్లనే వణికినాడు. లేనివి కనపడతాండాయన్నాడు. భయంతో నేను సగం చచ్చి, నా చేత్తో నేనే తెప్పించి పోసినా. ఆ సంగతి నీకు చెబుదామని వస్తే టీ గ్లాసు పెట్టేసి పోయినావ్." అందరి వైపూ తిరిగింది. "అమ్మ రాలేదు, ఎవురూ రాలేదు. నా మొగుడు చస్తాండాడు. లేపండి, బండెక్కించండి!"

"అట్లయితే ఇంత మందు నోట్లో పోస్తే..." అన్నాడు ఒకాయన.

"తెలివి తప్పిన మనిషికి పోస్తే పొరబోయి ఈడనే పోతాడు. కాళ్ళు పట్టుకో!"

జీపు పెద్దాయనే నడిపాడు. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల ఎన్నిసార్లు పోయి ఉంటానో, ఆ దారి అంత పొడవని ఆ రోజే తెలిసింది. అన్న తల వదిన ఒడిలో ఉంది, పక్కకు తిప్పి పట్టుకుంది. కాళ్ళు నా ఒడిలో. శిరివెళ్ళ దాటాక మళ్ళీ ఒళ్ళు బిగుసుకుంది. ఈసారి ఊపిరి ఆగినట్టే అనిపించింది. నేను అన్న పాదాలు పట్టుకుని "న్నా, న్నా" అనడం తప్ప ఏమీ చేయలేకపోయాను. వదిన ఏడవలేదు. నా వైపు చూడనూ లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సూది పొడుస్తూనే అడిగింది, "రోజుకు ఎంత తాగుతాడు?"

"రాత్రి ఒక క్వార్టరు" అన్నాను.

"నాలుగు" అంది వదిన. "పొద్దున లేచిన కాణ్ణుంచి."

"ఎప్పుడు ఆపాడు? ఎవరు ఆపించారు?"

"నేనే" అన్నాను. ఒక్క క్షణం మెచ్చుకుంటుందేమో అని కూడా అనుకున్నాను, ఎంత పిచ్చివాణ్ణో.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఇన్నేళ్ళు ఇంతగా తాగిన మనిషిని ఒక్కసారిగా ఆపకూడదు. ఒళ్ళు తట్టుకోలేదు. ఫిట్స్ వస్తాయి, మతి పోతుంది, ప్రాణమే పోతుంది. మాన్పించాలి, కానీ ఆసుపత్రిలో పెట్టి, మందులిచ్చి, కనిపెట్టుకుని మాన్పించాలి. ఇంకో గంట ఆలస్యమైతే నేను చేయగలిగింది ఉండేది కాదేమో" అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత నాలుగు రోజులు నేను ఆ మంచం పక్కనుంచి కదలలేదు. అన్నను గుడ్డతో మంచానికి కట్టారు. నన్ను నాయన అన్నాడు, ఒకసారి పోలీసు అన్నాడు. ఐదో రోజు పొద్దున నీళ్ళు అడిగాడు. తాగి, గోడ వైపు చూస్తూ, "కండ్లు తెరిచినారా?" అన్నాడు. లేదని, ఊరి వాళ్ళు ముహూర్తం నలభై రోజులు జరిపారని చెప్పాను. కళ్ళు మూసుకుని నిద్రపోయాడు.

డాక్టరమ్మ ఆ రోజే నన్ను కూర్చోబెట్టి అన్న గురించి కొన్ని ప్రశ్నలు అడిగింది. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనుకున్నాడా? ఎవరైనా తాగుడు మాట ఎత్తితే కోపం వస్తుందా? తాగినందుకు తప్పు చేసినట్టు బాధపడతాడా? పొద్దున లేవగానే కావాలా? అన్నిటికీ అవునన్నాను. ఆమె రాసుకుని, తలెత్తకుండానే, "మరి మీకు?" అంది.

"నేను ఆదివారం మాత్రమే తాగుతాను మేడం. లెక్కగా."

"అంచనాగా పోసుకునా, కొలిచి పోసుకునా?"

కొలిచిందెప్పుడు! మధ్యాహ్నం మొదలుపెడితే సీసా అయ్యేదాకా. తర్వాత బండెక్కి ఊరి మీదికి. ఒక ఆదివారం సాయంత్రం తాగిన చేత్తోనే రాయి కోసే మిషను కూడా పట్టుకున్నాను. ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. "అసలు తాగకపోవడమే మేలు. తాగేవాళ్ళు తినకుండా తాగొద్దు, కొలిచి కొంచెంతో ఆపాలి, తాగాక బండి, మిషను ముట్టొద్దు. మీ అన్నకు మాత్రం ఇంత తాగితే పర్వాలేదనే కొలత ఇక లేదు. ఒక్క మూత కూడా. మీరుండే ఇంట్లో సీసా ఉండకూడదు" అంది.

ఇల్లు మా ఇద్దరిదీ ఒకటే. సీసా నాది, నా బీరువాలో. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, వాడి జబ్బుకు నేనెందుకు మానాలి అని బయటికొచ్చి గొణుక్కున్నాను. ఇంటికి వెళ్ళాక కూడా రెండు ఆదివారాలు ఆ సీసాను బీరువాలోనే ఉంచాను. పారబోయడానికి చేయి రాలేదు. చేయి రాలేదని తెలిసినప్పుడే నా సంగతీ నాకు కొంత తెలిసింది. మూడో ఆదివారం పారబోశాను.

నలభై రోజులూ అన్న మాత్రలు వేసుకున్నాడు. వదిన దగ్గరుండి మింగించేది. వారానికోసారి నంద్యాల బస్సెక్కి డాక్టరమ్మకు చూపించుకొచ్చేవాళ్ళు. మొహం తేటపడింది, అన్నం తినడం మొదలుపెట్టాడు. అరచేతి గాయం మానింది. వణుకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. పెద్ద ఉలి నిలిచేది, సన్న ఉలి నిలిచేది కాదు.

ముహూర్తానికి ముందు మూడు రోజులూ అన్నకు తోడుగా నేనూ షెడ్డులోనే చాప మీద పడుకున్నాను. ముహూర్తం రోజు పొద్దున తెర కట్టాం. బయట ఊరి జనం, డప్పులు. తెర లోపల పెద్దాయన, అన్న, నేను. అన్న సన్న ఉలి పట్టుకున్నాడు. మొన రాయికి ఆనగానే కొట్టుకుంది. తీసి, చేయి విదిలించి, మళ్ళీ ఆనించాడు. మళ్ళీ కొట్టుకుంది. ముహూర్తం దాటిపోతోంది.

పెద్దాయన మంచివాడు. అన్నను ఆ రోజు నంద్యాలకు చేర్చింది ఆయనే. ఆయనే నడుం దగ్గర దోపుకున్న చిన్న సీసా బయటికి తీశాడు.

"ఒక్క మూతప్పా ఆచారీ. చేయి కుదిరేంత. నియమం సంగతి నేను చూసుకుంటా. అమ్మకు తెలీదా నీ కష్టం?"

అన్న సీసా వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

వద్దు అనాల్సింది నేను. అంత జరిగాక, మంచానికి కట్టేసిన మనిషిని చూశాక, వద్దు అని అరవాల్సింది. అనలేదు. ఒక్క గీతే కదా, పని అయిపోతుంది, బయట జనం ఉన్నారు అనిపించింది. డప్పులు మోగుతూనే ఉన్నాయి.

అన్నే అన్నాడు. "వద్దు పెద్దాయనా. ఒక్క మూతతో ఆగే మనిషినైతే మీ జీపు ఎక్కేటోణ్ణే కాదు." ఉలి నా చేతిలో పెట్టాడు. "నువ్వు తెరువు."

"నాకు రాదు న్నా."

"రాకుంటే రాలేదు. తెరువు."

తెరిచాను. కుడి కన్ను సరిగ్గానే వచ్చింది. ఎడమ కంటి దగ్గర ఊపిరి బిగబట్టలేకపోయాను. అద్దం చూపించారు, తెర తీశారు, జనం గోవిందలు కొట్టారు. అమ్మ చల్లగా చూస్తోందని ఆడవాళ్ళు మురిసిపోయారు. విగ్రహాన్ని బండి ఎక్కించబోతుంటే అన్న దగ్గరికి వెళ్ళి ఎడమ కంటి మీద బొటనవేలు ఆనించి చూశాడు. నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఎడమ కన్ను జారింది రా. గీత బరువైంది. ఇంకొకరి రాయికి ఇట్ల చేయొద్దు. రేపు పెందలాడే రా, ముక్కరాయి మీద పెట్టి చూపిస్తా. నేర్చుకునేదాకా ఇడ్సను."

మా అన్న నోట రేపు అనే మాట వినేసరికి నాకు దుఃఖం ఆగలేదు. అంతమంది ముందు, రాతిపొడి చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాను. కన్ను చెడిందని ఏడుస్తున్నాననుకుని, పెద్దాయన నా భుజం తట్టి, గుడ్డి కన్నా మెల్ల మేలులే అన్నాడు.